గాల్లో నిలబడితే వెయిటింగ్ చార్జీ

మా సంస్థకు హెలికాప్టరు రావడానికి కారణం ఒక ఎలుక.

అది కొల్లివాగు ప్రధాన కాలువ గట్టులో బొరియ చేసుకుంది. బొరియలో చెమ్మ చేరి, చెమ్మ ధారై, ధార గండై, తెల్లారేసరికి కింద చేలన్నీ మునిగాయి. కాలువగట్ల సంరక్షణ సంస్థ అని గుమ్మం మీద బోర్డు పెట్టుకున్న మాకు ఇది కొంచెం ఇబ్బంది కలిగించే విషయం. వెంటనే విచారణ సంఘం వేశారు. సంఘం వారు చాలాకాలం శ్రమపడి, గట్ల మీద తిరిగే లస్కర్లు నేల మీద నిలబడి చూస్తున్నందువల్ల వారి దృష్టి పరిమితంగా ఉంటోందని, పైనుంచి చూస్తే సమగ్ర దృష్టి ఏర్పడుతుందని తేల్చారు. దాంతో లస్కర్ల పోస్టులు రద్దు చేసి, ఆ మిగులుకు మరికొంత కలిపి, ఇద్దరు కూర్చునే పాత హెలికాప్టరు ఒకటి కొన్నారు. ఎలుక బొరియ ఆకాశం నుంచి కనపడుతుందా అని ఆ సమావేశంలో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. సమావేశాల మినిట్సు రాసేది నేనే. అడిగితే నా ప్రశ్న నేనే రాసుకోవాలి, దానికి జవాబూ నేనే వెతకాలి.

నా పేరు చల్లా పానకాలరావు. సి సెక్షన్ సూపరింటెండెంటును. హెలికాప్టరు నడపడానికి కుదుర్చుకున్న ఏజెన్సీ వాళ్ళ పైలటు అప్పుడప్పుడు కాలువల మీద చక్కర్లు కొట్టి వచ్చి, బొరియలేవీ కనపడలేదని రాసిచ్చేవాడు. అది చూసి గట్లు భద్రంగా ఉన్నాయని మేము పైకి రాసేవాళ్ళం. అతను ఎగిరిన గంటలకు బిల్లు వచ్చేది. ఆ బిల్లు మీద "సరిచూడబడినది" అని సంతకం చెయ్యడం నా పని. సరిచూడడమంటే కిటికీ దగ్గర నిలబడి చప్పుడు వినడమే. మొదట్లో కిటికీ దాకా వెళ్ళేవాణ్ణి, తరవాత సీట్లోంచే వినేవాణ్ణి.

ఆడిట్ వాళ్ళు వచ్చి దీన్ని పట్టుకున్నారు. హెలికాప్టరు ఎగిరిన గంటలను ధ్రువీకరించిన ఉద్యోగికి ఎగరడంలో ఎట్టి ప్రవేశమూ ఉన్నట్లు దాఖలా కనబడదని అభ్యంతరం రాశారు. ఇలాంటి వాటికి జవాబు రాయడంలో నాకు కొంచెం పేరుంది. "ఇకమీదట ధ్రువీకరించు ఉద్యోగి తగిన అర్హత కలిగియుండునట్లు చర్యలు తీసుకొనబడును" అని రాసిపడేశాను. ఈ వాక్యానికి అర్థమేమీ లేదని రాసినవాడికీ తెలుసు, చదివినవాడికీ తెలుసు. మా ఆఫీసు ఈ వాక్యం నీడన కొన్ని దశాబ్దాలుగా ప్రశాంతంగా కాలక్షేపం చేస్తోంది.

కానీ సరిగ్గా అప్పుడే కొత్త ఎం.డి. గారు వచ్చారు. ఆయన ఫైళ్ళు చదివేవారు.

కబురొస్తే వెళ్ళాను. ఆ వాక్యం ఎవరిదని అడిగారు. మెచ్చుకుంటారేమోనన్న ఆశతో నాదేనన్నాను. ఆయన నిజంగానే మెచ్చుకున్నారు.

"ఇందులో దార్శనికత ఉంది పానకాలరావు గారూ. ధ్రువీకరించేవాడు తాను ధ్రువీకరించే పనిలో స్వయంగా ధ్రువీకరింపబడినవాడై ఉండాలి. సామర్థ్య నిర్మాణం అంటే ఇదే. మీరు పైలట్ లైసెన్సు తీసుకోండి."

తీర్థంలో రంగులరాట్నం ఎక్కితేనే నాకు వాంతి అవుతుందని చెప్పాను. రిటైర్‌మెంటు దగ్గర పడిందని చెప్పాను. స్కూటరు నేర్చుకోబోయి కోమటి వారి అరుగు ఎక్కించిన సంగతి కూడా దాచకుండా చెప్పాను. ఆయన అన్నీ ఓపిగ్గా విని, ఇవన్నీ శిక్షణ ఆవశ్యకతను మరింత బలపరుస్తున్నాయన్నారు. ఏడాదిలోగా లైసెన్సు రాకపోతే అర్హత లేని మనిషిని సి సెక్షన్‌లో ఉంచడం కుదరదని, తపాలా మీద ముద్రలు వేసే సీటు ఒకటి ఖాళీగా ఉందని కూడా సెలవిచ్చారు. ఆ సీటు మెట్ల కింద ఉంటుంది. మా ఆఫీసులో ఆ మెట్ల కిందకు వెళ్ళినవాళ్ళు మళ్ళీ వెలుతురు చూసినట్టు నాకు గుర్తులేదు.

నేను లైసెన్సుతో తిరిగొచ్చేదాకా హెలికాప్టరుకు టార్పాలిన్ కప్పి పంపుహౌసు పక్క షెడ్డులో పెట్టించారు. ఎగిరితే బిల్లు వస్తుంది, బిల్లు వస్తే సరిచూసే అర్హుడు లేడు. అందువల్ల అది ఎగరకుండా ఉండడమే సక్రమమైన పద్ధతి అని నిర్ణయించారు. నోటు నేనే పెట్టాను.

ఆర్డరు ఇంటికి తీసుకెళ్ళాను. దాని మీద ప్రైవేట్ పైలట్ లైసెన్సు శిక్షణ అని ఉంది. మా ఆవిడ హైమవతి కళ్ళజోడు లేకుండా మొదటి మాట వరకే చదివింది. మా వైపు ప్రైవేటంటే ఒకటే అర్థం, బడి వదిలాక మాష్టారింటికి వెళ్ళి చదువుకోవడం.

"ఈ వయసులో మీకు ప్రైవేటేంటండీ?" అంది. "ఎవరి దగ్గర చెప్పించుకుంటారు?"

నేను సర్దిచెప్పేలోపే సంగతి వీధిలోకి పాకింది, పాకడంలో తలకిందులైంది. పైవాటా వాళ్ళు నేనే ప్రైవేటు చెబుతున్నాననుకుని వాళ్ళ అమ్మాయికి లెక్కలు చెప్పమని వచ్చారు. అసలు విషయం తెలిశాక హైమవతి వంటింట్లోకి వెళ్ళి, తిరిగి వచ్చి, ఇన్సూరెన్సు కాగితాలు ఏ బీరువాలో పెట్టారో ఒకసారి చూపించమంది. అంతకుమించి ఆమె నా శిక్షణకు అడ్డు చెప్పలేదు.

అడ్డు చెప్పింది అకౌంట్స్ ఆఫీసరు యనమండ్ర కామేశం గారు. ఆయన సన్నగా, నెమ్మదిగా ఉంటారు. రూల్సు పుస్తకం బల్ల మీద ఉంటుంది గానీ ఎప్పుడూ తెరవరు, అంతా నోటికి వచ్చు. ఇంట్లో హైమవతి చేసిన పొరపాటే ఆయన ఆఫీసులో చేశారు. కాకపోతే ఆయన చేస్తే దాన్ని పొరపాటనకూడదు, వర్గీకరణ అనాలి.

"ప్రైవేటు ఫీజు ఉద్యోగుల పిల్లలకే ఇస్తామండీ. అదీ ఇద్దరు పిల్లల దాకా," అన్నారు. "మీరు ఏ ఉద్యోగి పిల్లలండీ?"

మా నాన్నగారు బడిపంతులుగా చేసి ఎప్పుడో పోయారని చెప్పాను. అయితే వీల్లేదన్నారు. ఫైలు ఎం.డి. గారి దగ్గరకు వెళ్ళింది. ఆయన ప్రగతికి పదాలు ఆటంకం కారాదని రాసి, ఈ ఒక్క విషయం మేరకు సదరు ఉద్యోగిని సంస్థ యొక్క పిల్లవాడిగా భావించవలెనని ఉత్తర్వులిచ్చారు. అటెండర్లు కొన్నాళ్ళపాటు నన్ను బాబూ అని పిలిచారు.

తరవాత శిక్షణ సంస్థ వారి రేట్లు వచ్చాయి. ఊరి చివర తాటిమెట్ట మైదానంలో ఉందా స్కూలు. గంట ఎగరడానికి వాళ్ళు అడిగింది ఇంచుమించు నా నెల జీతం. అలాంటివి నలభై గంటలు తక్కువ కాకుండా ఎగరాలి. నేల మీద చెప్పే పాఠాలకు వేరు, వైద్య పరీక్షకు వేరు. కామేశం గారు ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, గంటకు రేటు కాబట్టి తొందర తొందరగా ఎగిరితే తగ్గుతుందా అని అడిగారు. కనుక్కుని చెబుతానన్నాను. నేను నిజంగానే కనుక్కున్నాను కూడా. శిక్షణ సంస్థలో ఫోను ఎత్తిన అమ్మాయి నవ్వాపుకోలేక పెట్టేసింది. చివరికి సగం సొమ్ము అడ్వాన్సుగా ఇచ్చి, మిగతాది బిల్లులు సరిచూశాక ఇచ్చేటట్టు ఒప్పందమైంది.

నాకు నేర్పింది కెప్టెన్ పైడిరాజు. విజయనగరం మనిషి. చాలా ఏళ్ళు మిలటరీలో హెలికాప్టర్లు నడిపి వచ్చినవాడు. మొదటిరోజు నన్ను పైనుంచి కిందకి చూసి, చేతిలో వాంతి కవరు పెట్టి, "దీనికి డబ్బులు లేవు సారూ, ఇది ఫ్రీ," అన్నాడు.

అక్కడ మీటరు రెక్కలు తిరగడం మొదలవగానే మొదలవుతుంది. ఎగిరినా ఎగరకపోయినా డబ్బే. నేను సీటు బెల్టు బిగించుకోవడానికి తీసుకునే సమయంలో మా ఇంటి నెల సరుకులు వచ్చేస్తాయి. గొంతు సవరించుకుంటే ఉల్లిపాయలు. మొదటి గంటలో నేను చేసిందల్లా కళ్ళు మూసుకుని ఇష్టదైవాన్ని తలుచుకోవడమే. ఆ గంటకు నెలంతా పనిచేసిన జీతం పోయింది. అంత ఖరీదైన ప్రార్థన మా వంశంలో ఎవరూ చేసి ఉండరు.

ముందుకు పోవడం, పైకి లేవడం, వంపు తిరగడం ఏదోవిధంగా పట్టుబడ్డాయి. రానిదల్లా గాల్లో ఒకచోట కదలకుండా నిలబడడం. ఎడమచేతి కర్ర పైకెత్తితే లేస్తుంది. లేవగానే మూతి పక్కకు తిరుగుతుంది. దాన్ని కాళ్ళతో ఆపాలి. కాళ్ళు ఆపితే ఒళ్ళు జారుతుంది, దాన్ని కుడిచేతి కర్రతో పట్టాలి. పట్టేలోపల మళ్ళీ లేస్తుంది. నేను మైదానం ఒక మూల మొదలుపెట్టి, నిలబడుతున్నాననుకుంటూ ఇంకో మూలకు చేరేవాణ్ణి. ఒకసారి పక్క చేలో గేదెలు కాస్తున్న మనిషి కర్ర పైకెత్తి నన్ను అదిలించాడు.

నాకు దుఃఖం వచ్చిందంటే ఇందుకే. నేను ఉద్యోగంలో చేరినప్పటినుంచి ఆ ఒక్క ఆఫీసులోనే ఉన్నాను. బదిలీల మీద బదిలీలు వచ్చాయి, ప్రభుత్వాలు మారాయి, ఎం.డి.లు ఎంతమంది వచ్చిపోయారో లెక్క లేదు, నన్ను ఎవరూ అంగుళం కదపలేకపోయారు. అలాంటివాణ్ణి గాల్లో రెండు నిమిషాలు ఒకచోట నిలబడలేకపోతున్నాను.

"ఏటి సారూ, గొంతు నులిమినట్టు అలాగ పట్టుకుంటే అది మాత్రం ఏటి సేస్తాది?" అనేవాడు పైడిరాజు. "వదిలీండి. రెండు వేళ్ళతో పట్టుకోండి సాలు. దాన్ని మీరు నిలబెట్టక్కర్లేదు, అదే నిలబడతాది. మీరు అడ్డం రాకండి అంతే."

అడ్డం రాకుండా ఉండడం మా ఆఫీసులో ఎవరికీ నేర్పలేదు. దానికే నాకు చాలా రోజులు పట్టింది. ఒకరోజు పొద్దున్న గాలి లేని వేళ, ఏమి చేశానో తెలియదు, ఏదో చెయ్యడం మానేశాను. కింద గడ్డి అన్నివైపులకూ వాలిపోయి ఉంది. ఎదురుగా ఉన్న జెండా కర్ర ఎక్కడుందో అక్కడే ఉంది. నేనూ అక్కడే ఉన్నాను. నేలకు మనిషెత్తు పైన, దేన్నీ ఆనుకోకుండా, నిలబడి ఉన్నాను. పైడిరాజు తన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నాకు పెళ్ళిలో కూడా అంత సంతోషం కలగలేదని ఇక్కడ రాస్తున్నాను, హైమవతి ఇది చదవదన్న ధైర్యంతో. ఆ రోజు ఇంటికి బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా నిలబడే వచ్చాను.

అప్పటినుంచి మెట్ల కింద సీటు భయం పోయింది. భయం పోయి పిచ్చి పట్టుకుంది. నాకు లైసెన్సు కావాలి. ఎం.డి. గారి కోసం కాదు, ఆడిట్ కోసం కాదు. ఆ జెండా కర్ర ముందు నన్నొక్కణ్ణే నిలబడనిచ్చే కాగితం నాకు కావాలి.

మొదటి బిల్లు ఆఫీసుకు వచ్చింది. మాది తెలుగులో వ్యవహారం నడపాలన్న నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించే ఆఫీసు. ఇంగ్లీషు బిల్లును తెలుగు చెయ్యడం సి సెక్షన్ పని, అంటే నా పని. హోవరింగ్ అన్న చోట నేను "గాల్లో ఒకేచోట నిలిచియుండుట" అని చక్కగా తెలుగు చేశాను. చెయ్యకపోయినా ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఆ మాట మీద నాకు ముచ్చట వేసింది, అదే నా కొంప ముంచింది.

కామేశం గారు పిలిపించారు.

"పానకాలరావు గారూ, ఇక్కడ ఎనిమిది గంటలు నిలిచి ఉన్నట్టుందండీ."

"అవునండీ. అదే అన్నిటికంటే కష్టమండీ."

"నిలిచి ఉన్న వాహనానికి కిరాయి ఇవ్వడానికి లేదండీ. వెయిటింగ్ చార్జీయే ఇస్తాం. టాక్సీకి ఎంతో దీనికీ అంతే."

నేను శక్తికొద్దీ వివరించాను. నిలబడడమంటే ఆగిపోవడం కాదని, పోయేటప్పటికంటే నిలబడేటప్పుడే ఇంజను ఎక్కువ కష్టపడుతుందని, ఆయిలు కూడా ఎక్కువ తాగుతుందని చెప్పాను. ఆ చివరి ముక్క చెప్పకుండా ఉండవలసింది. ఆయన కళ్ళజోడు సవరించుకున్నారు. వాహనం నిలిపి ఉంచిన కాలంలో ఇంజను ఆపకపోవడం ఇంధన దుర్వినియోగం కిందకు వస్తుందన్నారు. రెండు రోజుల్లో నాకు మెమో వచ్చింది. ఎనిమిది గంటలపాటు ఇంజను ఆపకుండా వాహనమును ఒకేచోట నిలిపియుంచినందులకు నాపై ఎందుకు చర్య తీసుకొనరాదో తెలుపవలెనట.

ఇంజను ఆపితే పడిపోతుందని సంజాయిషీ రాశాను. అది చదివి కామేశం గారు శాంతంగా, "పడితే ఏ పద్దు కిందకు వస్తుందో అప్పుడు చూద్దామండీ," అన్నారు.

నిలబడిన గంటలకు టాక్సీ లెక్కన వెయిటింగ్ చార్జీ మంజూరైంది. ఆ సొమ్ముకు పైడిరాజు హెలికాప్టరు అద్దాలు తుడిపించగలడేమో. మిగతాదంతా బాకీ పడింది. అడ్వాన్సు అయిపోయింది. సరిగ్గా నేను ఒంటరిగా ఎగరవలసిన దశ వచ్చేసరికి రెక్కలు ఆగిపోయాయి.

"మీ సేతికి పనొచ్చీసింది సారూ," అన్నాడు పైడిరాజు. "ఇంక నాను దిగిపోతాను, మీరొక్కరే ఎగరాల. అది అయిపోతే మిగిలినవి ఎంతోసేపు పట్టవు. కానీ మీ ఆఫీసోళ్ళు డబ్బులు కట్టందే మా ఓనరు తాళం ఇవ్వడు."

ఎం.డి. గారి దగ్గరకు పరిగెత్తాను. ఆయన నా పట్టుదలకు చలించారు. కానీ ఈ ఏడాది అదనపు కేటాయింపు అసాధ్యమని, గగన పర్యవేక్షణ పద్దులోనే వనరులను అంతర్గతంగా సమీకరించుకోవాలని చెప్పారు. ఆ పద్దు కింద ఏముందా అని చూశాను. సున్నాలు ఉన్నాయి. సున్నాలు కాక ఒకే ఒక ఆస్తి ఉంది. అది షెడ్డులో టార్పాలిన్ కింద ఉంది.

ఆ నోటు రాసింది నేను. ఎవరూ బలవంతం చెయ్యలేదు. "హెలికాప్టరును ధ్రువీకరించు అర్హత గల ఉద్యోగి లేనందున హెలికాప్టరు నిరుపయోగముగా ఉన్నది. ఉద్యోగికి అర్హత కల్పించుటకు నిధులు లేవు. కావున నిరుపయోగముగా ఉన్న హెలికాప్టరును విక్రయించి, తద్వారా వచ్చు సొమ్ముతో హెలికాప్టరును ధ్రువీకరించుటకు ఉద్యోగికి అర్హత కల్పించవచ్చును" అని రాశాను. రాసి చదువుకున్నాక కూడా అందులో నాకు తప్పు కనపడలేదు. వాక్యం వెనక వాక్యం బిగువుగా కుదిరింది. కామేశం గారు కూడా ఒక్క ప్రశ్న వెయ్యకుండా సంతకం చేశారు. ఎం.డి. గారు ఆదర్శప్రాయమైన ప్రతిపాదన అని రాసి, కింద గీత గీశారు.

హెలికాప్టరును ఒక కల్యాణమండపం యజమాని కొనుక్కున్నాడు. దాన్ని గేటు పక్కన దిమ్మె మీద పెట్టించి బంతిపూల దండలు వేయించాడు. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ అందులో కూర్చుని ఫోటోలు తీయించుకుంటారు. సీటు ఎత్తి చూస్తే దాని కింద ఎలుకలు పిల్లల్ని పెట్టి ఉన్నాయని అతను ఫిర్యాదు చేశాడు. ఉన్నది ఉన్నట్టుగా అమ్మబడినదని నేను జవాబు రాశాను.

మిగిలిన గంటలకు డబ్బు కట్టారు, నిలబడిన గంటల బాకీ మాత్రం అభ్యంతరం కింద అలాగే ఉండిపోయింది. మర్నాడే వెళ్ళాను. పైడిరాజు నాతో ఒక చుట్టు తిరిగి, దించి, తలుపు తీసుకుని దిగిపోయాడు. వంగి దూరంగా నడుచుకుంటూ వెళ్ళి, వెనక్కి తిరిగి బొటనవేలు చూపించాడు. పక్క సీటు ఖాళీగా ఉంది. రెండు వేళ్ళతో పట్టుకుని లేపాను. అతని బరువు తగ్గడంతో అది అలవాటులేనంత తేలిగ్గా లేచింది. జెండా కర్ర ముందు నిలబడ్డాను. తరవాత ముందుకు వంచాను. మైదానం, తాటిచెట్లు, రోడ్డు మీద చెరుకు లారీలు వెనక్కి పోయాయి. కింద కాలువ మెలికలు తిరుగుతూ సముద్రం వైపు పోతోంది. నేను కాలువల మీద అన్నేళ్ళు ఫైళ్ళు నడిపానుగానీ, అది పారుతుందని ఆ రోజే చూశాను. నోరు తెరిచి పెద్దగా ఏదో పాడాను. ఆ చప్పుడులో నాకే వినపడలేదు. ఎంత ఖర్చవుతోందో ఆ కాసేపూ నాకు గుర్తు రాలేదు, రానందుకు ఇప్పటికీ సిగ్గు పడడం లేదు.

మిగిలిన గంటలు కూడా పూర్తయ్యాయి. పరీక్ష రోజున పరీక్షాధికారి సంతృప్తి పడ్డాడు. ఇక శిక్షణ పూర్తయినట్టు స్కూలు వారు కాగితాలు పంపితే లైసెన్సు వస్తుంది. వాళ్ళు పంపలేదు. నిలబడిన గంటల బాకీ తీరేదాకా కాగితాలు సొరుగులోనే ఉంటాయని యజమాని ఖండితంగా చెప్పాడు. పైడిరాజు నాకోసం అతనితో దెబ్బలాడాడట గానీ, పని కాలేదు.

మళ్ళీ సమావేశం. మినిట్సు నావే. గాల్లో నిలబడడం నిలబడడం కాదని అర్హుడైన వ్యక్తి ఎవరైనా ధ్రువీకరిస్తే పూర్తి రేటు ఇవ్వడానికి తనకు అభ్యంతరం లేదని కామేశం గారు అన్నారు. సంస్థలో అటువంటి అర్హుడు ఎవరని ఎం.డి. గారు అడిగారు. అందరూ నావైపు చూశారు. ఎవరి బిల్లును వారే ధ్రువీకరించుకోరాదని కామేశం గారు గుర్తుచేశారు. అది నిజమే. అలా అయితే రెండో అర్హుణ్ణి తయారు చెయ్యాలన్నారు ఎం.డి. గారు.

"కామేశం గారూ, అభ్యంతరం మీది. కాబట్టి దాన్ని నివృత్తి చేసుకునే అవకాశం కూడా మీకే దక్కాలి," అన్నారు ఎం.డి. గారు. "పానకాలరావు గారు బాట వేసి ఉంచారు. మిమ్మల్ని సంస్థ రెండో పిల్లవాడిగా భావిస్తూ ఉత్తర్వులిస్తాను. ఇద్దరు పిల్లల దాకా రూల్సులో ఉందని మీరే అన్నారు."

ఏ రూలు కింద కాదనాలో కామేశం గారికి తోచలేదు. అన్ని రూల్సూ నోటికి వచ్చిన మనిషికి అలా తోచకపోవడం నేను చూడడం అదే మొదటిసారి. ఆయన శిక్షణకు అడ్వాన్సు ఇవ్వడానికి సంస్థ జీపులు అమ్మారు.

ఆయన వెళ్ళిరావడం మొదలుపెట్టారు. మొదట్లో వాంతి కవరు జేబులో పెట్టుకుని ఆఫీసుకు వచ్చేవారు. మధ్యాహ్నం భోజనం మానేసి మజ్జిగ తాగేవారు. కొన్నాళ్ళకు ఆయన నడక మారింది. ఒకరోజు నా సీటు దగ్గరకు వచ్చి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి, నిలబడేటప్పుడు మీరు చూపు ఎక్కడ పెట్టేవారండీ అని అడిగారు. జెండా కర్ర మీద అన్నాను. మర్నాడు ఆయన లిఫ్టు ఖాళీగా ఉన్నా మెట్లెక్కి వచ్చారు.

తరవాత ఆయన బిల్లు వచ్చింది. ఎగరడానికి సంబంధించిన బిల్లులు పరిశీలించేది సి సెక్షన్. సి సెక్షన్ అంటే నేను. గాల్లో ఒకేచోట నిలిచియుండుట, పదకొండు గంటలు అని ఉంది. నేను తలుచుకుంటే ఒక్క సంతకం చాలు. ఆయనకు పూర్తి రేటు వస్తుంది, శిక్షణ ముగుస్తుంది, ఆయన అర్హుడవుతారు, నా గంటలను ధ్రువీకరిస్తారు, సొరుగు తెరుచుకుంటుంది, నా లైసెన్సు నా చేతికి వస్తుంది. ఇదంతా నాకు స్పష్టంగా తెలుసు. కలం తీసుకున్నాను. పూర్వ ఉదాహరణ ఒకటి ఉంది. నా బిల్లుకు వెయిటింగ్ చార్జీ ఇచ్చి, అవే గంటలకు ఇంకొకరికి పూర్తి రేటు ఇస్తే ఆడిట్ ఊరుకోదు. పైగా ఆయన బిల్లు నేను, నా బిల్లు ఆయన పాస్ చేసుకున్నామంటారు. ఇవన్నీ నేను ఆలోచించిన మాట నిజం. మనసులో ఏ మూలా కక్ష లేదని మాత్రం చెప్పను. కానీ అసలు కారణం ఇవేవీ కాదు. చెయ్యి దానంతట అదే పోయింది. "నిలిచియున్న వాహనమునకు వెయిటింగ్ చార్జీ మాత్రమే అనుమతింపదగును. పూర్వ ఫైలు జతపరచడమైనది." రాసి, సంతకం పెట్టి, పంపేశాను. పంపాక కాసేపటికి నేనేం చేశానో నాకు అర్థమైంది. నా లైసెన్సు గొంతు నేనే నులిమాను. అంత బాధ నాకు ఉద్యోగంలో ఎప్పుడూ కలగలేదు.

కామేశం గారు సాయంత్రం క్యాంటీన్లో నన్ను వెతుక్కుంటూ వచ్చారు. చేతిలో ఆ ఫైలే ఉంది. తిడతారనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన ఎదురుగా కూర్చుని రెండు టీలు చెప్పారు.

"బాగా రాశారండీ," అన్నారు. "నేనైనా అదే రాసేవాణ్ణి."

ఇక మన ఇద్దరికీ ఆ కాగితాలు రావు కదండీ అన్నాను. రావండీ అన్నారు ఆయన. అందులో కోపం లేదు, ఉన్న విషయం చెప్పినట్టే చెప్పారు.

"నిన్న కెప్టెన్ గారు ఊరి మీదకు తీసుకెళ్ళారండీ," అన్నారు కామేశం గారు. "మన ఆఫీసు ఎక్కడుందా అని చూశాను. కాలువ కనపడింది. చేలు కనపడ్డాయి. గట్టు మీద ఎవరో సైకిలు తొక్కుకుంటూ పోతుంటే అది కూడా కనపడింది. మన ఆఫీసు మాత్రం ఎంత వెతికినా కనపడలేదండీ. మీకు కనపడిందా?"

"లేదండీ," అన్నాను. "నేను అసలు వెతకలేదు."

ఆయన టీ ముగించి, లేస్తూ అన్నారు.

"ఈ మాట ఎం.డి. గారి చెవిన పడనివ్వకండి. పైనుంచి కనపడేటట్టు ఇంకో నాలుగు అంతస్తులు వేద్దామంటారు. ఆ నోటు మళ్ళీ మీరే రాయాలి."

నేను అలాగేనన్నాను. కానీ అప్పటికే మొదటి వాక్యం నా తలలో సిద్ధమైంది, చాలా బాగా కుదిరింది కూడా.